ఇతర భాషల బహుమతి

అరవైల తొలినాళ్లలో నన్ను హైదరాబాదు రేడియోలో బయటి రికార్డింగుల విభాగానికి వేశారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నా వంతు. ఏ పాట తీసుకోవాలో ప్రొడ్యూసర్ చెబుతాడు. మైకు ఎక్కడ పెట్టాలి, టేపు ఎప్పుడు ఆపాలి అన్నది రికార్డిస్టుగా నా పని.

ఒక సంగీత సంస్థ ఏటా మంచి రికార్డింగులకు బహుమతులిచ్చేది. తెలుగుకొకటి, ఉర్దూకొకటి. ఆ ఏడు కొత్తగా 'ఇతర భాషలు' అని మూడోది పెట్టారు. మరాఠీ, కన్నడం, లంబాడి అన్నిటినీ ఒకే గంపలో వేశారన్నమాట. దేవరకొండ దగ్గరి తండాలో జమ్లి అనే పిల్ల పెళ్లిలో తీసిన పాటను మేము పంపాం. అది ఢావ్లో, అంటే అత్తవారింటికి పోతూ పెళ్లికూతురు తల్లిని పట్టుకుని ఏడుస్తూ పాడేది. న్యాయనిర్ణేతల్లో లంబాడి తెలిసినవారు ఒక్కరూ లేరు. అయినా దానికే బహుమతి వచ్చింది: బ్యాటరీ రేడియో. షరతల్లా, జమ్లి వచ్చి ఆ పాట వేదిక మీద పాడాలి.

కబురు చెప్పడానికి అచ్చంపేట వైపు జమ్లి అత్తగారి తండాకు వెళ్లాను. రేడియో అనగానే ఆమె మొహం విప్పారింది. దాన్ని తల్లి ఉండే తండాలో పెట్టించమంది. షరతు చెప్పాక మాత్రం తల అడ్డంగా ఊపింది.

"అప్పుడు మా యాడిని ఇడిసి వస్తుంటి, ఏడ్పొచ్చింది. గిప్పుడు ఎవలను ఇడుస్తున్ననని ఏడ్వాలె సారూ?"

యాడి అంటే అమ్మ. పక్కనున్న అత్త కూడా, ఉత్త పుణ్యానికి ఏడిస్తే ఇంటికి మంచిది కాదంది.

టేపు వినిపించి బహుమతి ఇవ్వండని సంస్థ కార్యదర్శిని అడిగాను. బహుమతి రికార్డింగుకే కదా అన్నాను. నిబంధన నిబంధనే అన్నాడాయన. రేడియో ఒక మరాఠీ భజనకు పోయింది. భజన బాగానే ఉంది, కాదనను. నాకు మాత్రం ఒళ్లు మండింది.

రేడియో ఎలాగూ రాలేదు, కనీసం ఆ పాటయినా తల్లికి వినిపించమని జమ్లి కబురంపింది. మరుసటి పర్యటనలో టేపు రికార్డరుతో దేవరకొండ తండాకు వెళ్లి, వచ్చిన పని చెప్పకుండానే మీట నొక్కాను. బిడ్డ ఏడుపు వినగానే తల్లి లేచి నిలబడింది.

"మల్ల ఎందుకేడుస్తున్నది? అత్తోల్లు కొట్టిన్రా?"

ఇది పెళ్లినాటిదేనని ఎంత చెప్పినా నమ్మలేదు. వచ్చి మా రేడియో జీపులో కూర్చుంది. దిగమంటే దిగదు. చేసేది లేక డిండి మీదుగా అచ్చంపేట వైపు తీసుకుపోయాం. జమ్లి మేకలకు ఆకు వేస్తూ కనబడింది. "ఏమైంది యాడీ, గిట్లొచ్చినవ్?" అని నవ్వుతూ ఎదురొచ్చింది. అప్పుడుగానీ ఆ తల్లి జీపు కమ్మీ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

పోటీకి పంపిన టేపు డబ్బా మీద 'లంబాడి' అని మాత్రమే రాసి ఉంది. బహుమతి ఇచ్చేవాళ్లకు అది చాలింది. పాట ఏ భాషదో ఒక్కటే చెబితే సరిపోదని ఆ రోజు తెలిసింది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు పాడారో చెప్పకుండా ఆ తరువాత ఏ టేపూ ఎవరికీ వినిపించలేదు.