మా నాన్న నోటి శకారం

శ, ష, స. ఈ మూడింటి విషయంలో మా నాన్న దగ్గర మాఫీ ఉండేది కాదు. మంత్రంలో స్వరం తప్పితే నా తల మీద చెయ్యి వేసి కిందికి వంచి సరిచేసేవాడు. కానీ శకారం పలకాల్సిన చోట సకారం పలికానో, పాఠం ఆపి పెరట్లోకి వెళ్లి నోరు పుక్కిలించి వచ్చేవాడు. తప్పు చేసింది నేను, పుక్కిలించేది ఆయన. అంతకంటే ఒక చెంపదెబ్బ నయం.

కారేపల్లి దగ్గర పల్లెలో ఆయన పౌరోహిత్యం. కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్న రైతుల ఇళ్లలో పెళ్లిళ్లు, తద్దినాలు చేయించేవాడు. పుస్తకం చూసి చదివే వేదం ఆయన లెక్కలో వేదమే కాదు. ఆయన ఒకసారి అంటే నేను విని రెండుసార్లు అనాలి. అలా నాకు చాలానే వచ్చింది. నాలుగు పనసలు మాత్రం మిగిలిపోయాయి. పనస అంటే వేదంలో ఒక చిన్న పాఠం అనుకోండి. ఆ నాలుగూ తన గురువు పలికిన తీరులో వచ్చినవాడు మా చుట్టుపక్కల ఆయనొక్కడే. అవి నాకు అప్పజెప్పడం తప్ప ఆయనకు ఇంకో కోరిక ఉన్నట్టు నాకు తెలియదు.

నేనేమో ఇరవై రెండేళ్లకే అడవి అంచున ఒక కోత మిల్లులో గుమస్తాగా చేరాను. ఆయన వద్దన్నాడు. "నీ మంత్రాలతోటి పొయ్యి అంటుకుంటదా?" అని అరిచి మరీ వెళ్లాను. నా బల్లకు నాలుగడుగుల్లో రంపం. టేకు దుంగ లోపలికి పోతుంటే ఆ కూతకు మొదట్లో పళ్లు జివ్వుమనేవి, తర్వాత అలవాటైందనుకున్నాను. పదేళ్లకు కుక్కర్ విజిల్ వినపడడం మానేసింది. కీచురాళ్లు ఊరు వదిలిపోయాయేమో అనుకున్నాను, అంత తెలివి నాది. ఖమ్మంలో డాక్టరు పరీక్ష చేసి, "సన్నటి చప్పుళ్లు పోయినయ్, ఇగ రావు. మిల్లు మానేస్తె ఉన్నదన్న మిగులుతది" అన్నాడు. మిల్లు మానలేదు. ఇంట్లో చెప్పలేదు. ఆయన వద్దన్న ఉద్యోగమే నా చెవులు తినేసిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

సరిగ్గా ఆ ఎండాకాలమే నాన్నకు పై పళ్లు రెండు ఊడాయి. భయపడ్డట్టున్నాడు. "రేపటి సంది పొద్దున ఒక గంట కూర్చో. ఆ నాలుగూ చెప్పేస్త" అన్నాడు.

కూర్చున్నాను. ఆయన అన్నాడు, నేను అన్నాను. తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అన్నాడు, మళ్లీ అన్నాను. నా చెవికి ఆ మూడు అక్షరాలూ ఒకటే గాలి. ఏ చోట ఏది పలికాడో పెదాలు చూసి ఊహించేవాణ్ని, ఊహ తప్పేది. మొదటి పనస మొదటి వాక్యం దగ్గరే వారం గడిచింది. ఎనిమిదో రోజు ఆయన పుక్కిలించడానికి కూడా లేవలేదు. కూర్చున్నచోటే వేలితో చిగుళ్లు తడుముకున్నాడు.

"తప్పు నీది కాదురా. నా నోరే చెడిపోయింది. నేనెట్లంటున్ననో నువ్వు గట్లనే అంటున్నవ్."

అప్పుడు చెప్పాలి. ఒక్క మాటతో అయిపోయేది. చెప్పలేదు. దాచడమెందుకు, హమ్మయ్య అని కూడా అనిపించింది.

ఆ నెలలోనే ఒక రైతు గృహప్రవేశానికి పిలవడానికి వస్తే నాన్న రానన్నాడు. "నా నోట్లె అక్షరం నిలుస్తలేదు. తప్పు మంత్రం చెప్పి మీ ఇంటికి కీడు చెయ్యలేను."

"మాకేం తెలుస్తుందండీ పంతులుగారూ, మీరొచ్చి కూర్చుంటే చాలు" అన్నాడా రైతు. మంచిగానే అన్నాడు పాపం. ఆ మాటతో నాన్న ఇంకా బిగుసుకుపోయాడు. తర్వాత పొద్దుటి సంధ్యావందనంలో కూడా గొంతు ఆగిపోయింది. తప్పు పలికేకంటే పలకకపోవడమే మేలన్నాడు, మనసులో కూడా వల్లించనన్నాడు. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "నాకైతె ఎప్పటి లెక్కనే వినపడ్డది, ఏం తేడా లేదు. నా మాట ఇనడు, నువ్వన్న చెప్పు" అంది. చెప్తానని మిల్లుకు పోయాను. అలా మూడేళ్లు పోయాయి.

నాలుగో ఏడు భద్రాచలంలో గోదావరి స్నానానికి ముగ్గురం వెళ్లాం. మొలలోతు నీళ్లలో అందరూ ఏవో మంత్రాలు చెప్పుకుంటున్నారు. నాన్న ఒక్కడే, ఒక్క అక్షరం రాని మనిషిలాగా, నోరు మూసుకుని మునిగి లేచాడు. నాకు ఏడుపు వచ్చింది. మెట్ల మీద ఆయన తడిబట్ట పిండుకుంటుంటే చెప్పేశాను. నా చెవులు పోయిన సంగతి, డాక్టరు మాట, అన్నీ.

తిడతాడనుకున్నాను. "అంటె నా నోరు మంచిగనే ఉన్నదా?" అని అడిగాడు.

"ఉన్నది నాన్నా. తప్పంతా నాదే."

నవ్వాడు. అక్కడే మెట్టు మీద బాసిపట్టు వేసుకుని కళ్లు మూసి మొదలుపెట్టాడు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "విను, ఎంత మంచిగ వస్తున్నయో" అంది. నాకు గొంతు పైకి లేవడం, కిందికి దిగడం వినపడ్డాయి. అక్షరాల సంగతి అమ్మకే తెలియాలి.

రెండు పనసలు పూర్తయ్యాయి. మూడోదానిలో సగానికి వచ్చి ఆగాడు. వెనక్కి పోయి మళ్లీ అందుకున్నాడు, అక్కడే ఆగాడు. రోజూ వల్లించకపోతే నిలిచే పాఠం కాదది. గురువు పలికిన ఆ తీరు ఎక్కడా రాసి లేదు. ఆయన మూడోసారి కూడా అక్కడే ఆగి, అది వదిలేసి నాలుగోదానికి పోదామని చూశాడు. పెదాలు కదిలాయి కానీ ఏమీ రాలేదు.

కళ్లు తెరిచి, "నాలుగోదాని మొదలేందిరా?" అని నన్ను అడిగాడు.