సంతకం లేని డైవ్

మా ఆవిడా నేనూ యాభై దాటాక, మేముండే హాలిఫాక్స్‌లో సముద్రం అడుగుకు దిగే డైవింగ్ నేర్చుకున్నాం. కొన్నేళ్ళు ఆ చల్లని నీళ్ళలోనే దిగి, ఒక శీతాకాలం సెలవులకు ఇద్దరమూ ఒక వెచ్చని దీవికి వెళ్ళాం. అక్కడి పగడపు దిబ్బల పక్కన ప్రవాహం బలంగా ఉంటుంది. ఈదనక్కరలేదు, నీళ్ళే మోసుకుపోతాయి. పైన పడవ మనం వదిలే గాలి బుడగల వెంట వస్తుంది. జంటగా దిగినవాళ్ళు విడిపోకూడదు, అంతే.

నీటి అడుగున కూడా రాయడానికి వీలైన ప్లాస్టిక్ పలక మీద లోతు, సమయం, చూసిన చేపలు రాసుకోవడం నా అలవాటు. డైరీ రాసే చెయ్యి అక్కడ కూడా ఊరుకోదు. ఊదారంగు పగడం ఒకటి కనిపిస్తే పక్కనున్న రాయిని పట్టుకుని ఆగి మూడు మాటలు రాశాను. తలెత్తేసరికి ఆమె లేదు. ఎటు చూసినా నీలమే. నేర్పినట్టే ఒక్క నిమిషం వెతికి మెల్లగా పైకి వచ్చాను. ఆ నిమిషం గురించి నా డైరీలో ఒక్క ముక్కా లేదు.

ఆమె అప్పటికే పడవలో కూర్చుని ఉంది.

"మీరు రాసుకునేదాకా సముద్రం ఆగుతుందనుకున్నారా?"

ప్రతి డైవ్ వివరాలూ పుస్తకంలో రాసి, కింద జంటగా దిగిన మనిషి చేత సంతకం పెట్టించుకోవడం మా ఆనవాయితీ. ఆ సాయంత్రం పుస్తకం చాపితే పక్కకు తోసేసింది.

"నా పక్కన లేని డైవ్‌కి నేనెందుకు పెడతాను? మళ్ళీ దిగుదాం. సరిగ్గా వస్తే అప్పుడు పెడతా."

మళ్ళీ దిగే వీలు దొరక్కముందే, మరుసటి ఏడాది ఆమె చెవికి ఆపరేషన్ అయింది. ఇక నీటి అడుగుకు వెళ్ళొద్దన్నారు డాక్టరు. ఆమె లేకుండా నేనూ దిగలేదు.

హాలిఫాక్స్ మన తెలుగు విద్యార్థులతో నిండిపోయిన ఏళ్ళలో, వరంగల్ అమ్మాయి ఒకతె మా బేస్‌మెంట్‌లో అద్దెకుండేది. ఒక ఆదివారం టీకి పైకొచ్చి ఆ పుస్తకం తిరగేసింది.

"అన్నిట్ల ఆంటీ సంతకం ఉంది. గీ ఒక్కదాంట్ల లేదేంది అంకుల్?"

జరిగింది చెప్పాను. పడీపడీ నవ్వింది.

"ఆంటీ, ఇంక మాఫ్ చెయ్యున్రి. ఇగో పెన్ను."

మా ఆవిడ పెన్ను తీసుకుని నా వైపు చూసింది.

"పెట్టేయనా?"

ఆ ఖాళీ గీత నన్ను ఏళ్ళుగా గుచ్చుతూనే ఉంది. పెడితే పేజీ పూర్తవుతుంది. ఆ డైవ్ కూడా అయిపోతుంది.

"ఇప్పుడొద్దు. మళ్ళీ దిగినప్పుడు పెడుదువుగాని."

ఆమె పెన్నుకు మూత పెట్టి అమ్మాయికి ఇచ్చేసింది.

"అయితే ఈసారి ఆ పలక నా చేతికివ్వాలి," అంది.