గాజులకు సరిపోయే చీర

నేను మూడో తరగతి వరకే చదివాను. రాయడం ఇదే మొదలు. ఒత్తులు, దీర్ఘాలు తప్పుంటే మీరే సరిచేసుకుని చదవండి.

చిక్కబళ్ళాపురం పాత పేటలో నాది గాజులంగడి, ఎదురుగా ఒక పెద్దాయనది బట్టలంగడి. ఆయన గురించే ఈ రాత. బస్టాండు దూరంగా కొత్త చోటికి మారాక మా వీధికి జనం తగ్గిపోయారు. ఒక్కొక్కరే అంగళ్ళు అక్కడికి మార్చుకున్నారు. చివరికి నేనూ గాజుల పెట్టెలు ఎద్దుల బండికి ఎత్తించాను.

ఆయనకొక అలవాటు. తన అంగడికి ఎవరొచ్చినా ముందు వేరే అంగడికి పంపేవారు. నా బండి కదలబోయే ఆ పొద్దు పేరేసంద్ర నుంచి పెళ్ళివాళ్ళు చీరలకు వచ్చారు.

"ముందు ఎదురంగడిలో గాజులు తొడిగించుకోని రాండమ్మా. ఆ రంగుకు చీర తీస్తా" అన్నారాయన.

"చీరను బట్టి గాజులు గానీ, గాజులను బట్టి చీర యాడన్నా ఉండాదా అప్పా?" అని వాళ్ళలో ఒక ముసలమ్మ నవ్వింది.

అయినా వచ్చారు. బండిలో నుంచి పెట్టెలు దించి, తొమ్మిది మందికి చిలకపచ్చ గాజులు తొడిగాను. తీరా వాళ్ళు తిరిగి వెళితే ఆయన దగ్గర ఆ రంగు చీర లేదు. వీధి చివరి అంగడిలో కొనుక్కున్నారు.

"నీ బేరం పాయె కదప్పా" అన్నాను.

ఆయన విప్పిన చీరలు మడత పెట్టుకుంటున్నారు.

"పోతే పోనీమ్మా. మన వీధి దాటి పోలేదు కదా" అన్నారు.

నా పెట్టెలు మళ్ళీ బండి ఎక్కలేదు. మరుసటేడు, అంగళ్ళు మార్చుకుని పోయినవాళ్ళలో ఇద్దరు తిరిగొచ్చారు. ఆయన వాళ్ళ దగ్గరికీ జనాన్ని పంపేవారు.

ఆయన గురించి నాకు రాయవచ్చింది ఇంతే. తప్పులుంటే మనసులో పెట్టుకోకండి.