కంప్యూటర్ బండ్లు సైడిచ్చిన రోజులు

మా నాన్న బస్సు డ్రైవరు. విజయవాడ నుంచి ఏలూరు దాకా ప్రైవేటు బస్సు నడిపేవాడు. హనుమాన్ జంక్షన్లో టీకి ఆపితే, అడక్కుండానే పంచదార తక్కువ వేసిన గ్లాసు ఆయన ముందుకొచ్చేది. నేను ఇంజనీరింగ్‌లో చేరిన ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. స్టీరింగ్ ముందు కాదు, ఇంట్లో, కంచం ముందు. దాన్ని మా అమ్మ ఇప్పటికీ అదృష్టం కిందే చెబుతుంది. అందులో అదృష్టం ఏ మూలన ఉందో నాకు ఈనాటికీ కనిపించలేదు.

మాట తిరిగొచ్చింది. వంకరపోయిన మూతి సర్దుకుంది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాత్రం చెప్పినమాట కాస్త ఆలస్యంగా వినేవి. డ్రైవరుకు ఎడమ చెయ్యంటే గేరు, ఎడమ కాలంటే క్లచ్. వ్యాయామాలు చేయించడానికి ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు, వేళ్ళకు ఏదో ఒక పని చెబుతూ ఉండమన్నాడు. అమ్మ చాటలో చిక్కుడుకాయలు పోసి ఈనెలు తీయమంది. నాన్న రెండు రోజులు తీసి, మూడో రోజు చాట పక్కకు నెట్టేశాడు.

అప్పుడు నాకు కంప్యూటర్ తట్టింది. గుణదలలో మేం అద్దెకున్న ఇంటి ముందుగదిలో, నా చదువు కోసమని కొన్నది ఉండేది. దుమ్ము పడకుండా అమ్మ దానికి పాత చీరతో గలీబు కుట్టింది. క్లాసులో ఒకమ్మాయి ఇచ్చిన సీడీలో కార్ల రేసు ఆట ఉంది. కుడిచేత్తో బాణం గుర్తుల మీటలు నొక్కితే కారు నడుస్తుంది, గేర్లు వాటంతట అవే మారతాయి. నాన్న అది చూసి నవ్వాడు.

"గేరు లేకుండా నడపడమేంటమ్మా, ఉయ్యాలా అది? గేర్లు నాకివ్వు."

గేర్లను ఎడమచేతి వైపు రెండు మీటలకు మార్చి ఇచ్చాను. మొదటి వారమంతా కారు పోయి గోడలకు గుద్దుకుంది. తర్వాత రోడ్డు మీద నిలకడగా పోయింది. పొద్దున టిఫినయ్యాక కూర్చుంటే అమ్మ అన్నానికి పిలిచేదాకా లేచేవాడు కాదు.

ఆటలో ఆయనతోపాటు మరికొన్ని కార్లు పరుగెత్తేవి. వాటిని నడిపేది కంప్యూటరే. నాన్నకు మాత్రం వాటిలో మనుషులున్నారు. నల్లకారు వాడికి పొగరు. పచ్చకారు వాడికి మలుపు తిప్పడం రాదు. ఎర్రకారు వాడంటే మాత్రం ఆయనకు గౌరవం.

"వీడు పెద్దమనిషమ్మా. నేను వెనకబడ్డాననుకో, అద్దంలో చూసుకుని స్లో చేస్తాడు. సైడిస్తాడు."

హైవే మీద అదొక మర్యాద. ముందుపోయే లారీ డ్రైవరు కుడిచెయ్యి బయటపెట్టి పొమ్మన్నట్టు ఊపుతాడు. వెనకవాడు దాటి, రెండుసార్లు పొట్టిగా హారన్ కొడతాడు. అంతకుమించి థాంక్స్ అక్కర్లేదు. ఆ ఆటలోనూ ఒక మీట నొక్కితే హారన్ మోగేది. ఎర్రకారును దాటినప్పుడల్లా నాన్న రెండుసార్లు కొట్టేవాడు. నేను నవ్వు ఆపుకునేదాన్ని. వంటింట్లోంచి అమ్మ, "వాడికి వినపడిందంటారా?" అని ఆటపట్టించేది. ఆ ఇంట్లో మళ్ళీ నవ్వులు మొదలయ్యాయంటే ఆ హారన్ పుణ్యమే.

కానీ నాన్న ఆడుతున్నది ఆట కాదని నాకు మెల్లగా తెలిసింది. ఆయన తనకు తాను పరీక్ష పెట్టుకుంటున్నాడు. ఎప్పుడు చూసినా రెండో స్థానమో మూడో స్థానమో, అదీ వెంట్రుకవాసిలో. ఒక్కోసారి మొదటివాడు. "ఇంతమందితో సమానంగా పోతున్నానంటే చెయ్యి దారిలో పడ్డట్టేగా," అనేవాడు.

అంతలో మా గుణదల మేరీమాత తిరునాళ్ళు దగ్గరపడ్డాయి. ఆ రోజుల్లో మా వీధుల్లో కాలు పెట్టడానికి చోటుండదు, బస్సులన్నీ స్పెషల్ ట్రిప్పులు తిరుగుతాయి. డ్రైవర్లు చాలక బస్సు ఓనరు కబురుపెట్టాడు, ఒంట్లో బాగుంటే వచ్చెయ్యమని. నాన్న ఖాకీ చొక్కా తీయించి ఇస్త్రీ చేయించాడు. అది ఒంటి మీద వదులైపోయింది. అమ్మ కళ్ళు తుడుచుకుని బొత్తాలు జరిపి కుట్టింది.

ఆ సీడీ ఇచ్చిన అమ్మాయితో నేను మా నాన్న ఆట గురించి గొప్పగా చెప్పాను. ఆమె తేలిగ్గా అంది, "అందులో ఎవరైనా అంతేనే. నువ్వు వెనకబడితే ఆ కార్లు స్పీడు తగ్గిస్తాయి, ముందుకెళ్తే పెంచుతాయి. లేకపోతే మనలాంటి చేతగానివాళ్ళు రెండోరోజే మానేస్తారుగా. కావాలంటే సెట్టింగ్స్‌లో చూడు, టిక్కు పెట్టి ఉంటుంది."

ఇంటికొచ్చి చూశాను. ఉంది. ఎర్రకారు వాడు పెద్దమనిషీ కాదు, నల్లకారు వాడు పొగరుబోతూ కాదు. మనకూ తమకూ మధ్య దూరం కొలుచుకుని, దాన్నిబట్టి కాలు నొక్కడమో తీయడమో, ఆ బండ్లకు తెలిసిన విద్య అదొక్కటే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆట మీదో, ఆ అమ్మాయి మీదో, నా మీదో తెలియదు. ఆ బస్సులో చంకన పిల్లల్ని పెట్టుకుని తిరునాళ్ళకు వచ్చే ఆడవాళ్ళు కూర్చుంటారు. అది తలుచుకుంటే అన్నం సయించలేదు.

అమ్మకు చెప్పాను. ఆమె కుడుతున్న సూది ఆపి నా మొహం చూసింది.

"మనిషి ఇప్పుడిప్పుడే తేరుకున్నాడు. నువ్వు నోరెత్తావంటే ఊరుకోను."

తెల్లారి అమ్మ మార్కెట్టుకు వెళ్ళినప్పుడు నోరెత్తాను. నాన్న ఆట మొదలుపెట్టబోతున్నాడు. పక్కన కూర్చుని, విన్నది విన్నట్టు చెప్పాను. అంతా అయ్యాక, "ఎర్రబండి వాడు కూడానా?" అని మాత్రం అడిగాడు.

"వాడు కూడా, నాన్నా."

నాన్న ఎడమచేతి వేళ్ళు కుడిచేత్తో ఒక్కొక్కటే లాగి సాపు చేసుకున్నాడు. "ఆ టిక్కు తీసెయ్. ఒకసారి చూద్దాం."

తీసేశాను. పందెం మొదలైంది. మొదటి మలుపు దాకా అందరూ కలిసే ఉన్నారు. మలుపులో గేరు దించాలి. ఎడమ వేలు మీట మీద పడేసరికి మలుపు దాటిపోయింది. నల్లకారు పోయింది, పచ్చకారు పోయింది. ఎర్రకారు కొంతదూరం కనబడి అదీ పోయింది. తర్వాత ఖాళీ రోడ్డు. ఇంజను మోత, పక్కన చెట్లు, అంతే. ఇన్నాళ్ళూ ఆ రోడ్డు అంత పొడుగని నాకు తెలియదు.

"ఆపేద్దాం నాన్నా," అన్నాను. నాకు ఏడుపొస్తోంది.

"పాసింజర్లను మధ్యలో దింపుతామా," అన్నాడు. మిగతా చుట్లన్నీ ఒక్కడే తిరిగాడు. గీత దాటేసరికి మిగిలిన కార్లన్నీ ఎప్పుడో చేరి ఆగి ఉన్నాయి. నాన్న హారన్ కొట్టలేదు. గలీబు తీసుకుని తనే కంప్యూటరుకు కప్పాడు.

సాయంత్రం అమ్మతో, ఓనరు దగ్గరికి వెళ్ళి స్టీరింగ్ వద్దని చెప్పొస్తానన్నాడు. డిపోలో కూర్చుని బండ్లు పంపే పని ఏదైనా ఉంటే అడుగుతానన్నాడు. అమ్మ నాతో మాట్లాడలేదు. ఆయనతో వెళ్ళమని చెయ్యి మాత్రం ఊపింది.

ఓనరు ఆఫీసు మా ఇంటికి దగ్గర్లోనే, ఏలూరు కాలువ వంతెన అవతల. ఎప్పటిలాగే ఆయన పక్కన నడుస్తున్నాను. నాలుగు అడుగులు వేశాక ఆయన ఆగాడు.

"నీ నడక నువ్వు నడువమ్మా."

"ఇదే నా నడక నాన్నా."

"కాదు. కాలేజీకి ఎట్లా పోతావో నేను చూడలేదా? నడువు."

నడిచాను. వెనక్కి చూడకూడదనుకున్నాను, చూడలేదు. కిళ్ళీ కొట్టు, సైకిల్ షాపు, మలుపు దాటి వంతెన ఎక్కాక ఆగి తిరిగాను. నాన్న ఇంకా సైకిల్ షాపు దాకా కూడా రాలేదు. ఎడమకాలు ఈడ్చుకుంటూ, కుట్టు జరిపిన ఖాకీ చొక్కాలో, ఆటోలకు దారిస్తూ వస్తున్నాడు. పక్షవాతం వచ్చి ఏడాది కావస్తోంది. ఆయన ఎంత వెనకపడ్డాడో నాకు తెలియడం అదే మొదలు. ఇంట్లో ఎవ్వరం అప్పటిదాకా ఆయన ముందు మా నడక నడవలేదు.

పరుగెత్తుకుంటూ వెనక్కి వెళ్ళాలనిపించింది. వంతెన గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆయన వచ్చి, నా పక్కన ఆగి, చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"చూశావుగా," అన్నాడు. "పద, ఓనరు వెళ్ళిపోతాడు."