చక్రాల ఇళ్ళ కొలిమి మేస్త్రి

మేస్త్రిగారు పోయారు. అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్లు ఉడకబెడుతుంటే వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "పొద్దున్న పోయారక్కా. గుండె ఆగిపోయిందన్నారు. మీ నంబరు నాన్న ఫోన్లో ఉంది, అందుకని చేశాను" అంది. ఆ అమ్మాయి నన్నెప్పుడూ చూడలేదు. నేనెవరో తెలిసుంటే చేసేది కాదు. నేను "అయ్యో" అన్నాను. గుడ్లు పగిలి నీళ్ళన్నీ తెల్లగా అయ్యేదాకా పొయ్యి ముందే నిలబడిపోయాను.

మంచి మనిషి పోయారు, చేతిలో పనితనం ఉన్నవారు అని నాలుగు మాటలు రాసి ఊరుకుందామనే కూర్చున్నాను. అలా రాస్తే ఆయనకి రెండోసారి అన్యాయం చేసినట్టు. మొదటిసారి చేసింది చాలు.

అనంతగిరి దాటాక కాఫీ తోటల అంచున, పట్నం ఆసామి ఒకాయన టూరిస్టుల కోసం ఎనిమిది చక్రాల ఇళ్ళు తెచ్చి పెట్టాడు. ఎక్కడో వాడేసినవి కొని, బండికి తగిలించి ఘాట్ రోడ్డు మీద ఒక్కొక్కటీ లాక్కొచ్చాడు. రేకు గోడలు, ఒక మంచం, ఒక బాత్రూము, అలమర కింద గ్యాసుతో మండే ఫర్నేసు. దాన్ని మేము కొలిమి అనేవాళ్ళం. చలికాలంలో అది వెలిగిస్తే ఇల్లంతా వెచ్చగా ఉండేది. నేను అక్కడ గదులు తుడిచి, పక్కలు సర్ది, దుప్పట్లు ఉతికే పని చేసేదాన్ని. మా ఊరు అక్కడికి గంట నడక. ఇంటర్ పాసయ్యానని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆ కొలుములు పరీక్ష చేయడానికి మేస్త్రిగారు కొండ కింద ఉన్న కోట అనే ఊరి నుంచి బస్సులో వచ్చేవారు. చలి మొదలయ్యే ముందొకసారి, నడిచలిలో ఒకసారి. చేతిలో రేకు పెట్టె, చంకలో పాత పేపరు. చెప్పులు మెట్టు కిందే విడిచి ఎక్కేవారు. రేకు ఇంటికి ఇంత మర్యాదేమిటని మేము నవ్వుకునేవాళ్ళం. ముందు గ్యాసు గొట్టం అతుకులకి సబ్బు నురగ పూసి బుడగలొస్తాయేమో చూసేవారు. తర్వాత కొలిమి వెలిగించి, పొగగొట్టం మొదట్లో అగరుబత్తి పట్టుకునేవారు. దాని పొగ గొట్టంలోకి పోవాలి. గదిలోకి తిరిగిందా, ఆ ఇంటికి తాళమే. తర్వాత మోకాళ్ళ మీద వంగి, అద్దం ముక్కతో మంట చూసేవారు. అన్నీ అయ్యాక తలుపు మూసుకుని, కొలిమి మండుతుండగా, లోపల నేల మీద అరగంట సేపు కూర్చుని పేపరు చదివేవారు.

గాలిలో విషం ఎంతుందో చూపించే మీటరు ఆయన దగ్గర ఉంది. అయినా కూర్చోవలసిందే. ఒకసారి టీ తీసుకెళ్ళాను.

"ఇప్పుడొద్దే గుంటా. టీ తాగితే తలనొప్పి తగ్గిపోద్ది."

"తగ్గితే మంచిదే కదా మేస్త్రిగారూ."

"ఏటి మంచిది? ఈ గదిలో కూకుంటే తలనొప్పి వత్తాదో రాదో నాకు తెలియాల. మీటరు మాట మీటరు సెప్తాది, నా మాట నా తలకాయ సెప్తాది."

ఎనిమిది ఇళ్ళూ అయ్యేదాకా టీ ముట్టరు, నుదుటికి జిందా తిలిస్మాత్ రాయరు. చివరి ఇంట్లోంచి దిగాక మాత్రం రెండు గ్లాసులు ఒకదాని తర్వాత ఒకటి తాగేవారు. తాగి, "ఎనిమిదింట్లోనూ పడుకోవచ్చు" అనేవారు. ఆయన నోటి నుంచి నేను విన్న పొగడ్త అదొక్కటే. బాగాలేని ఇంటికి మాత్రం ఓనరు ఎంత బతిమాలినా, అరిచినా, తాళం తీయనిచ్చేవారు కాదు. "మీ అమ్మగారిని పడుకోబెడతారా సెప్పండి, ఇప్పుడే తీసేత్తాను" అనేవారు. ఓనరు మొహం అప్పుడు చూడాలి.

ప్రతి ఇంట్లోనూ కొలిమి పక్కన, నేలకి జానెడు ఎత్తులో, జాలీ బిగించిన కన్నం ఒకటి ఉండేది. బయటి గాలి అందులోంచి వచ్చి మంటకి అందాలి. అందకపోతే నీలం మంట పసుపు రంగుకి తిరుగుతుంది. వాసన లేని, రంగు లేని విషం పుట్టి, నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోతారు. ఇదంతా ఇప్పుడు ఎంత బాగా చెబుతున్నానో! అప్పుడు నాకు తెలిసింది ఒకటే. ఆ కన్నంలోంచి చలిగాలి కొడుతుంది, గెస్టులు నన్ను తిడతారు.

మా ఇళ్ళల్లో పొయ్యి తెల్లవార్లూ మండుతుంది. పొగ ఎక్కువైతే దగ్గొస్తుంది, లేచి బయటికి పోతాం. పొగే లేని మంట మనిషిని చంపుతుందంటే మా వాళ్ళెవరూ నమ్మరు. నేనూ నమ్మేదాన్ని కాదు. ఇక చలికి గోడలో కన్నం కనిపిస్తే గుడ్డ కుక్కడం మా ఊళ్ళో ఆడపిల్ల నడక నేర్చినప్పుడే నేర్చుకుంటుంది.

మూడేళ్ళ కిందట, నడిచలిలో, మేస్త్రిగారు పరీక్ష చేసి వెళ్ళిన నాలుగో రోజున ఒక కుటుంబం దిగింది. కొడుకూ కోడలూ నాలుగో నంబరులో, వాళ్ళ పెద్దావిడ ఒక్కరూ అయిదో నంబరులో. పెద్దావిడ నాతో చాలాసేపు మాట్లాడారు. మా పాపకిమ్మని జంతికల పొట్లం ఇచ్చారు. సాయంత్రం పక్క సర్దుతుంటే, "అమ్మాయ్, కాళ్ళకి గాలి కొడుతోందే, ఆ కన్నానికేదైనా అడ్డం పెట్టవూ" అన్నారు. నా దగ్గర పాత లంగా గుడ్డ ఉంది, గచ్చు తుడిచేది. మడిచి జాలీలోకి గట్టిగా కుక్కాను. చెయ్యి పెట్టి చూశాను, గాలి రావడం లేదు. "నూరేళ్ళు బతుకు తల్లీ" అన్నారావిడ. నేను కొలిమి వెలిగించి, తలుపు దగ్గరగా వేసి ఇంటికి పోయాను.

పొద్దున్న ఎంత పిలిచినా ఆవిడ లోపలి గడియ తీయకపోతే, కొడుకు కిటికీ అద్దం పగలగొట్టి లోపలికి దిగాడు. అప్పటికే ఆవిడ పోయారు. దుప్పటి మెడ దాకా కప్పుకుని, నిద్రపోతున్నట్టే ఉన్నారు. ఆ కొడుకు ఏడుపు గురించి నేను రాయను. రాసే అర్హత నాకు లేదు.

పోలీసుల కంటే ముందు మేస్త్రిగారే వచ్చారు. ఓనరు ఫోన్ చేస్తే ఎవరి మోటారు సైకిలో పట్టుకుని వచ్చేశారు. గది చూపించడానికి ఓనరు నన్ను పంపాడు. ఆ రోజు కూడా ఆయన చెప్పులు విడిచే ఎక్కారు. వంగి, నేరుగా కన్నం వైపే చూశారు. గుడ్డ లాగారు. దాన్ని చేతిలో పెట్టుకుని నా వైపు తిరిగారు.

"నువ్వేనా?"

తల ఊపాను. "కాళ్ళకి సలేత్తందన్నారు" అన్నాను.

ఆయన గుడ్డని మడిచి రేకు పెట్టెలో అడుగున పెట్టి మూత వేశారు. "ఎవులికీ సెప్పకు. నీకు సిన్న గుంట ఉన్నాది" అన్నారు. అంతే. ఎస్సై వచ్చి అడిగితే, "కొలిమి సరిగా సూడనేదు బాబూ, తప్పు నాదే" అన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

అప్పుడు భయం. నిజం. కానీ మూడేళ్ళు భయమే అంటే అది సాకు. భయం తగ్గాక కూడా హాయిగానే ఊరుకున్నాను.

కేసు ఆయన మీద పడింది. ఓనరు కొలుములు పీకించేసి, కరెంటు హీటర్లు పెట్టించి, మళ్ళీ బోర్డు కట్టాడు. కన్నాలు మూయకూడదని మేస్త్రిగారు ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితాలు ఓనరు డ్రాయరులో మడత విప్పకుండానే ఉండిపోయాయి. కోటలో మేస్త్రిగారిని గ్యాసు పొయ్యి బాగుచేయడానికి కూడా ఎవరూ పిలవలేదు. మనిషిని చంపిన మేస్త్రి అన్నారు. రైసు మిల్లు గేటు దగ్గర కుర్చీలో కూర్చునే పని చూసుకున్నారు. వాయిదాలకి మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేవారట.

ఆ మరుసటి ఏడు అనంతగిరి సంతలో ఆయన్ని చూశాను. అల్లం బుట్టల పక్కన గోనెపట్టా పరిచి, ఖాళీ నూనె డబ్బాకి పైనా కిందా కన్నాలు పెట్టి, లోపల కొవ్వొత్తి వెలిగించారు. లాడ్జీల్లో గదులు తుడిచే ఆడవాళ్ళని పిలిచి, కింది కన్నానికి గుడ్డ అడ్డం పెట్టి, "సూడండి, మంట ఏటైపోతందో సూడండి" అంటున్నారు. కొందరు నవ్వారు. ఏదో అమ్ముతున్నాడనుకుని ఒకావిడ ధర అడిగింది. నేను తప్పుకుని పోబోతే ఆయనే పిలిచారు. బస్సు దాకా కలిసి నడిచాం.

"నా తప్పు మీరెందుకు మోశారు మేస్త్రిగారూ?" అని అప్పుడడిగాను.

"నీ తప్పేటే? ఓనరుకి కాయితం రాసిచ్చినాను. ఆడు గది తుడుత్తాడా? తుడిసేది నువ్వు. నువ్వు టీ అట్టుకొచ్చి నా ఎదురుగా నిలబడ్డావు, ఆ కన్నం ఎందుకో నీకు ఒక్క ముక్క సెప్పినానా? సదువుకున్నోలకి రాసిత్తే సాలనుకున్నాను. అదే నా తప్పు." బస్సెక్కి కిటికీలోంచి, "నంబరు సెప్పు" అన్నారు. ఆ తర్వాత చలి మొదలవగానే ఫోన్ చేసేవారు. "ఇప్పుడెక్కడ పనిసేత్తన్నావు? కొలిమి ఉన్న సోటేనా?" కాదంటే, "సరే" అని పెట్టేసేవారు.

పదకొండో రోజున కోట వెళ్ళాను. ఇల్లు వెతుక్కోవడానికి ఇబ్బంది పడలేదు, దారిలో అడిగినవాళ్ళు "ఆ కేసు మేస్త్రి ఇల్లా?" అని చూపించారు. ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఎక్కడి నుంచని అడిగితే, కొండమీంచి, ఆ చక్రాల ఇళ్ళ దగ్గర పనిచేసేదాన్ని అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వక్కడే ఉన్నావు కదమ్మా. మాయన నిజంగానే సూడనేదా? మూడేళ్ళబట్టి అడిగినాను. తప్పు నాదేనే అంతాడు, అటు తిరిగి పడుకుంతాడు. ఆ పనికెల్లే రోజున టీ సుక్క ముట్టని మనిసి. ఎలా మర్సిపోతాడమ్మా?"

చెప్పాను. గుడ్డ సంగతి, పెద్దావిడ అడిగిన సంగతి, రేకు పెట్టె సంగతి. ఆవిడ తిడతారనుకున్నాను, కొడతారనుకున్నాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. లోపలికి తిరిగి, "అమ్మీ, బేగి ఇలా రా" అని కూతురిని పిలిచారు. "మీ నాన్న సూసేడంట. ఇంకోపాలి సెప్పమ్మా, ఇది కూడా ఇంటాది."

మళ్ళీ చెప్పాను. ఆ అమ్మాయి గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. నా వైపు చూడలేదు, ఇకముందు కూడా చూడదనుకుంటాను. ఆవిడ మాత్రం నన్ను వాకిట్లో చాప మీద కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి మనిషికీ చెప్పించారు. పక్కింటివాళ్ళకి చెప్పాను. మిల్లు నుంచి వచ్చినవాళ్ళకి చెప్పాను. పోలీసులడిగితే వాళ్ళకీ ఇదే చెబుతాను, ఇది చదివి ఆ కొడుకు వచ్చి అడిగినా ఇదే చెబుతాను.

అందరూ భోజనాలు చేసి లేచాక మేస్త్రిగారి అన్నగారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి, చెవులు రెండూ వినపడవు. "బావగారికి కూడా సెప్పు, గట్టిగా సెప్పు" అన్నారావిడ. నేను లేచి, ఆయన చెవి దగ్గరికి వంగి అరిచాను.

"గుడ్డ కుక్కింది నాను! మీ తమ్ముడు సరిగ్గానే సూసేరు!"

ఎదురింటి అరుగు మీద ఆడవాళ్ళు మాటలాపేశారు. సైకిలు మీద పోతున్నతను కాలు కింద పెట్టాడు. పెద్దాయన అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని నా మొహంలోకి చూశారు.

"ఏటీ?"

ఆవిడ గోడ పట్టుకుని లేచి వెళ్ళి, వీధి తలుపు రెండో రెక్క కూడా తెరిచారు. నేను మళ్ళీ అరిచాను.