నాన్నగారి మూసిన గొడుగు

మా చిన్నప్పటి చల్లపల్లి సంత... చింతపండు బస్తాల పక్కన గోనెపట్టా పరుచుకుని ఏసోబు చెప్పులు కుట్టేవాడు. రెండో ప్రపంచయుద్ధం రోజులు. నాకు తొమ్మిదేళ్ళు. మా నాన్నగారి చెప్పులు తీసుకెళ్ళి అతని ముందు పడేశాను. ఎడమ చెప్పు తిరగేసి చూశాడో లేదో, చేతిలో పని ఆపేసి నా మొహం వంక చూశాడు.

"మొన్న దీపావళికే గదమ్మా దీనికి కొత్త తోలు ఏశాను. చూడండి... మడం కాడ నలగనే లేదు. బొటనేలి కాడ చిల్లి పడింది. పంతులుగారు ఎడం కాలు ఎత్తట్లేదండీ, ఈడుస్తున్నారు."

నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు.

"ఇట్టా అరిగిన చెప్పు ఇంకోటి చూశానమ్మా. మా ఊరి పెద్దరైతుది. ఏడాది తిరక్కుండా మంచాన పడ్డారు. పంతులుగారిని కర్ర పట్టుకోమనండి. నే చెప్పానని చెప్పండి."

అప్పటిదాకా నాన్నగారి నడక చప్పుడు నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఇంకేమీ వినపడేది కాదు... కుడికాలు టప్పుమనేది, ఎడమకాలు సర్రుమనేది. టప్... సర్... టప్... సర్... రోజూ బడికి ఆయన వెనకే వెళ్ళేదాన్ని, దారి పొడుగునా అదే చప్పుడు.

నాన్నగారు కాలవ అవతలి ఊళ్ళో బడిపంతులు. ఆ బడి నడిపే పెద్దమనిషికి పనీపాటా లేని ఒక మేనల్లుడు ఉన్నాడు. మా నాన్నగారు ఎప్పుడు కుర్చీ దిగుతారా, వాణ్ణి ఎప్పుడు ఎక్కిద్దామా అని ఆయన కాచుక్కూర్చున్నాడు. ఇది ఊరందరికీ తెలుసు. ఏసోబు అన్న మాట చెప్పగానే నాన్నగారు నన్ను దగ్గరికి లాక్కున్నారు.

"కర్ర పట్టుకుని వెళ్తే మర్నాడే ఇంటికి పంపేస్తారే... ఆ తర్వాత మనకి అన్నం ఎవరు పెడతారు? అమ్మకి చెప్పకు. నా తల్లివి కదూ!"

సరేనని తల ఊపాను. ఊపకుండా ఉండాల్సింది.

మర్నాటి నుంచి ఆయన చేతికి గొడుగొచ్చింది. వెదురు పిడి, నల్లగుడ్డ, కింద ఇనప మొన... మాఘమాసం, ఆకాశంలో మబ్బుతునక లేదు. అయినా గొడుగే! మూసింది మూసినట్టే నేలకి ఆనిస్తూ నడిచేవారు. దారిలో జనం ఊరుకుంటారా? "ఏం పంతులుగారూ, ఎండకా, వానకా?" అనేవాళ్ళు. "అత్తారిచ్చిందండీ, ఇంట్లో పెట్టొస్తే మా ఆవిడ అలుగుతుంది" అని ఆయనా నవ్వించేవారు. ఆ నవ్వులు వింటే నాకు ఏడుపొచ్చేది. నెల నెలకీ ఆ గొడుగు మీద ఆయన బరువు పెరుగుతోంది మరి. వైశాఖం వచ్చేసరికి కింద మొన మొద్దుబారిపోయింది.

ఇంకో చోద్యం... రోజూ ఆయన వెనకే బడికి నడిచి నడిచి, నాకు తెలియకుండానే నాకూ ఆ నడకే పట్టుకుంది. ఓ రోజు అమ్మ పెరట్లోంచి చూసి కసిరింది.

"ఏమిటే ఆ ఈడుపు? ఎవర్ని వెక్కిరిస్తున్నావు? కాళ్ళు విరగ్గొడతాను!"

ఇది నాన్నగారి నడకమ్మా... అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

శ్రావణం. వరి ఊడ్పులు సగం అయ్యాయి, కాలవ నిండుగా పారుతోంది. నేను చలిజ్వరం పడి లేచి నాలుగు రోజులే అయింది. బడి వదిలాక ఇద్దరం ఇంటికి వస్తున్నాం. కాలవ దాటడానికి రెండు తాటిదుంగలు పక్కపక్కన వేసి ఉండేవి, అంతే. పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి టపటపా చినుకులు మొదలయ్యాయి.

నాన్నగారు ఆగారు. చేతిలో గొడుగు వంక చూశారు. నా వంక చూశారు. నాకు అర్థమైంది... గొడుగు విప్పితే ఆయనకి ఆనుకోవడానికి ఏమీ ఉండదు.

"తడిస్తే జ్వరం తిరగబెడుతుంది... రా" అని గొడుగు విప్పి నా మీద పట్టారు.

వద్దు నాన్నగారూ, నేను తడుస్తాను అనాలి కదా! చలేస్తోంది. కిందికి దూరాను. అంతే, చలి... ఇంకో కారణం లేదు.

నాలుగడుగులు బాగానే వేశాం. అయిదో అడుక్కి ఆయన ఎడమకాలు దుంగ మీంచి లేవలేదు. ఒరిగిపోతూ కూడా గొడుగు నా చేతిలోకి తోసి, నన్ను అవతలికి నెట్టి, ఆయన నీళ్ళలో పడ్డారు. పొలంలో నాట్లు వేస్తున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చి కాలవలోకి దూకారు. బయటికి తీసేసరికి ప్రాణం ఉంది. పడవ మీద బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎడమ పక్కంతా పడిపోయిందన్నారు.

ఆ వారమే మేనల్లుడు బళ్ళో చేరాడు. నాన్నగారు మూడేళ్ళు మంచం మీదే ఉన్నారు. అమ్మ అప్పడాలు ఒత్తి, వాళ్ళింట్లో వీళ్ళింట్లో పిండి రుబ్బి మమ్మల్ని పెంచింది. ఆయన పోయిన పదో రోజున నన్ను పక్కకి పిలిచి అడిగింది.

"రోజూ ఆయన వెనకే నడిచేదానివి కదే... పడిపోకముందు నీకేమైనా కనిపించిందా?"

"లేదమ్మా" అన్నాను.

అమ్మ తొంభై ఏళ్ళు బతికింది. ఆ మాట నేను మార్చలేదు. ఇవాళే మొదటిసారి చెప్తున్నాను, అదీ ముక్కూమొహం తెలియని మీకు...

నేనూ తొంభైకి దగ్గర పడ్డాను. వాకర్ పట్టుకుని నడుస్తున్నాను. ఏ రంగు కావాలి అని అడిగి మరీ కొనిపెట్టింది మా మనవరాలు. వీధిలో నాలుగు కాళ్ళ కర్రలు, చక్రాల కుర్చీలు... ఎవరూ దాచుకోవడం లేదు. ఎంత బాగుందో! మా నాన్నగారికి ఇంతేమీ అక్కర్లేదు. ఒక్క వెదురుకర్ర, భయం లేకుండా పట్టుకునే వీలుంటే సరిపోయేది.

మీ ఇంట్లో ఎవరి నడకైనా మారడం అందరికంటే ముందు మీ కళ్ళకే కనిపించిందా? చెప్పేశారా... నాలాగే ఊరుకున్నారా?