గింజలు కలిసిన సంగతి

మనిషి మొహం చూస్తే లోపల ఏముందో చెప్పేస్తానని చాలా ఏళ్లు నాకు గర్వం ఉండేది. ప్రొబేషన్ ఆఫీసరుగా చేరిన కొత్తలో మా పై అధికారి ఒకాయన, "నీకు మొహాలు చదవడం వచ్చమ్మా" అన్నారు. కొత్తపిల్ల కదా అని ప్రోత్సాహానికి అన్న మాట అది. నేను దాన్ని సర్టిఫికెట్టులా దాచుకున్నాను.

మా ఉద్యోగం ఏమిటో చుట్టాలకు చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు. నేలకొండపల్లిలో మా పిన్ని ఇప్పటికీ నేను పోలీసుననే అనుకుంటుంది. పెళ్లిళ్లలో ఎక్కడ గొడవ మొదలైనా నన్ను ముందుకు తోస్తుంది. నేను పోలీసును కాను. జైల్లో ఉన్నవాడు కొద్దిరోజులు ఇంటికి పోయి వస్తానని పెరోల్‌కు దరఖాస్తు పెట్టుకుంటే, వాడి ఊరికి పోయి కనుక్కుని రావడం నా పని. ఇంట్లోవాళ్లు రానిస్తారా, ఊరు ఒప్పుకుంటుందా, వాడి చేతిలో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఏమంటుంది, ఇవన్నీ రిపోర్టులో రాయాలి. పోలీసులూ ఒక రిపోర్టు ఇస్తారు. రెండూ చూసుకుని పైవాళ్లు అవుననో కాదనో తేలుస్తారు.

నాకు ఇంకో గర్వం కూడా ఉండేది. నా టేబుల్ మీద పెండింగ్ అనేది కనిపించేది కాదు. పొద్దున ఎంక్వైరీకి పోతే తిరుగు బస్సులోనే మోకాళ్ల మీద ప్యాడ్ పెట్టుకుని రిపోర్టు రాసేసేదాన్ని. కుదుపులకు అక్షరాలు వంకరపోయేవి, టైపు చేసే అమ్మాయి లోపల్లోపల తిట్టుకునేది. తిట్టుకోనీ అనుకునేదాన్ని. రివ్యూ మీటింగుల్లో మిగతావాళ్లు తల వంచుకుని అక్షింతలు వేయించుకుంటుంటే నేను కాలు మీద కాలు వేసుకుని కూర్చునేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక ఖైదీ దరఖాస్తు నా దగ్గరికి వచ్చింది. ఆ మనిషి కోయవాడు. ములకలపల్లి దాటాక అడవి అంచున వాళ్ల ఊరు. ఇప్పపూలు రాలే రోజుల్లో, ఒక చెట్టు కింది పూలు ఎవరు ఏరుకోవాలన్న దగ్గర మాటామాటా పెరిగి, తాగిన మైకంలో గొడ్డలి ఎత్తాడు. చనిపోయినవాడు వీడికి వరసకు బావ. చిన్నప్పటి నుంచి ఇద్దరూ కలిసి తిరిగినవాళ్లే. వీడికి యావజ్జీవం పడింది. నేను మొదటిసారి జైల్లో కలిసేనాటికి లోపలికి వచ్చి ఎనిమిదేళ్లయింది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా పెరోల్ అడగలేదు. ఎందుకు అడగలేదంటే, "ఏ మొహం పెట్టుకుని పోవాలె మేడం?" అన్నాడు.

"మరి ఇప్పుడెందుకు?"

"మా అమ్మకు కండ్లు పోతున్నయి. కొత్తగూడెం దవాఖానల సూపిచ్చిండ్రంట. కంటి నరం సస్తున్నదంట, ఆపరేషన్ చేసినా రాదంట. ఆర్నెల్లల్ల మొత్తమే పోతదని చెప్పిండ్రంట. కనపడేటప్పుడే ఒక్కసారి పోయి మొహం చూపిచ్చి వస్త. గంతే."

ఎండలు ముదిరిన రోజుల్లో పోయాను. ఖమ్మం నుంచి కొత్తగూడెం, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని ములకలపల్లి, ఆ తర్వాత ఆటో, చివర్లో నడక. వాడి తల్లి ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఎదురుగా ఉన్నది మాత్రమే, అదీ కొంచెమే కనిపిస్తుందట. పక్కన ఏమున్నా తెలియదు. సన్నని గొట్టంలోంచి చూస్తున్నట్టు తల అటూ ఇటూ తిప్పి నా మొహాన్ని వెతికి పట్టుకుంది. పట్టుకున్నాక ఇక వదల్లేదు. ఆమెకు తెలుగు కొద్దిగా వచ్చు.

"నా కొడుకును సూసినవా?" అని అడిగింది.

"చూసిన. వస్తానంటున్నడు. రానిస్తవా?"

"నా కొడుకు గద. కండ్లున్నప్పుడే తోలియ్యి."

అక్కడివాళ్లు కలెక్టరునైనా నువ్వు అనే అంటారు. కొత్తలో నాకు ఒళ్లు మండేది, తర్వాత అలవాటైపోయింది.

అక్కడి నుంచి చనిపోయినవాడి అన్న దగ్గరికి పోయాను. ఊళ్లో ఆయన మాటకే విలువ. అంటే అటు బాధితుల ఇల్లు, ఇటు ఊరి పెద్ద, నా రెండు కాలమ్‌లకూ జవాబు ఆ ఒక్క మనిషి దగ్గరే దొరుకుతుంది. నాకు పని తేలికైందని సంతోషించాను. ఆయన తడిక కోసం వెదురు చీలుస్తున్నాడు. నేను ఎవరో, ఎందుకు వచ్చానో చెప్పి, "మీ తమ్మున్ని చంపినోడు పదిహేను రోజులు ఇంటికి వస్తానంటున్నడు. మీకేమన్నా అభ్యంతరమా?" అని అడిగాను. అలాగే అడిగాను, గుమ్మంలో నిలబడి, తమ్ముడి పేరు కూడా చెప్పి.

ఆయన చేతిలో కత్తి ఆగిపోయింది. ఆయన భార్య లేచి లోపలికి పోయింది. ఆయన మాట్లాడలేదు. మళ్లీ అడిగాను. మూడోసారి గొంతు పెంచాను.

"రేపు చెప్త" అన్నాడు నేలవైపు చూస్తూ.

"రేపు నేనుండను. అవునో కాదో ఒక్క మాట చెప్తే అయిపోతది గదా?"

"ఇప్పుడు చెప్పేది కాదమ్మా ఇది."

నాలుగున్నరకు ములకలపల్లిలో బస్సు. మర్నాడు పొద్దున మీటింగు. నేను ఆయన మొహం చూశాను. కళ్లు ఎర్రబడ్డాయి, దవడ బిగుసుకుంది, పెదవి మీద పెదవి నొక్కి పెట్టాడు. నాకు మొహాలు చదవడం వచ్చు కదా, చదివేశాను. పగ అనుకున్నాను. ఎనిమిదేళ్లయినా చల్లారలేదు, వాడు వస్తే ఇక్కడ ఇంకో శవం లేస్తుంది అనుకున్నాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కొత్తగూడెం చేరేలోపు రాసేశాను. మృతుని కుటుంబానికి, గ్రామ పెద్దకు అభ్యంతరం ఉన్నది, ఖైదీ వచ్చినచో గ్రామంలో శాంతికి భంగం కలుగును. "రేపు చెప్తానన్నాడు" అని రాయడానికి ఆ కాగితంలో కాలమ్ లేదు. పెండింగ్ అని రాసి ఇంకోసారి పోవచ్చు. ఆ మాట రాయడం నాకు నామోషీ.

పోలీసుల రిపోర్టులో ఊరు ఒప్పుకుంటే తమకేమీ అడ్డు లేదని ఉంది. కాబట్టి నేను రాసిందే నిలిచింది. పెరోల్ ఇవ్వలేదు.

తర్వాతి నెలలో జైలుకు పోయినప్పుడు వాడు ఎదురుపడ్డాడు. కాదన్న కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకున్నాడు. "అన్న కాదన్నడా మేడం?" అని అడిగాడు. వరసకు బావే అయినా, చనిపోయినవాడి అన్నను వాడూ అన్న అనే పిలుస్తాడు. అవునన్నాను. "అవ్, నిజమే. ఆయనెట్ల ఒప్పుకుంటడు? నేను చేసింది గట్లాంటి పనేనాయె" అన్నాడు. నాకు జాలేసింది. అంతకంటే ఏమీ అనిపించలేదు. రాసింది నిజమేనని నా నమ్మకం.

ఏడాది తిరిగాక వాడు మళ్లీ దరఖాస్తు పెట్టాడు. మళ్లీ నేనే పోవలసి వచ్చింది. ఈసారి ఆ తల్లి తల తిప్పి వెతకలేదు. నా మాట వినిపించినవైపు చెవి పెట్టి కూర్చుంది. చింతపండు గింజలు తీస్తూనే ఉంది, తీసినవీ తీయనివీ వేళ్లతో తడుముకుంటూ. చూపు ఎప్పుడు పోయిందని అడిగాను. కొత్త పంట తినే కొత్తల పండుగ ముందని చెప్పింది. అంటే డాక్టరు చెప్పిన ఆరు నెలలు కూడా నిండలేదు.

అన్న ఇంటికి పోతుంటే ఆయనే నన్ను దూరం నుంచి చూసి దారికి ఎదురొచ్చాడు. కోపంగా ఉన్నాడు.

"ఎన్నొద్దులు కూసున్ననమ్మా నీకోసం?"

"నాకోసమా? ఎక్కడ?"

"ములకలపల్లి బస్సుల కాడ. మూడొద్దులు. కమ్మం మేడం వచ్చిందా అని దిగినోళ్లనల్ల అడిగిన. రేపు చెప్త అన్న గద. జవాబు చెప్పాలె గద."

నాకు అర్థం కాలేదు. ఆయన నన్ను అక్కడే ఒక దుంగ మీద కూర్చోబెట్టి, తెలియనివాళ్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. తమ్ముడి సంగతి తమ్ముణ్ని అడగకుండా తాను చెప్పడానికి లేదు. ఆ సాయంత్రం ఆకు దొప్పలో నీళ్లు పోసి, తమ్ముడి పేరు తలచుకుని, రెండు బియ్యపు గింజలు వదిలారు. నీళ్ల మీద గింజలు విడిపోతే చనిపోయినవాడికి ఇష్టం లేదు. ఒకదాని దగ్గరికి ఒకటి చేరితే సరేనన్నట్టు.

"కలిసినయా?" అని అడిగాను.

"కలిసినయి. వాడు రానియ్యమన్నడు. ఆ మాట నీకు చెప్పనీకే పొద్దున్నే నడిచి వచ్చిన. నువ్వు లేకపోతివి. సర్కారేమో కాదన్నది."

సర్కారు కాదనలేదు. కాదన్నది నేను. ఆ మాట అక్కడే, ఆ దుంగ మీద కూర్చునే చెప్పాను. నీ కళ్లు ఎర్రబడితే నీకు పగ ఉందనుకుని, నువ్వు ఒప్పుకోలేదని రాశానని చెప్పాను.

"పగ ఏందమ్మా? నువ్వొచ్చి వాకిట్ల నిలబడి మా తమ్ముని పేరు తీస్తివి. ఏడుపొచ్చింది. పరాయోళ్ల ముందల ఏడుస్తనా?"

ఆయన లేచి నిలబడి ఇంకో మాట అన్నాడు.

"సచ్చిపోయినోడే ఒక్క పూటల జవాబు చెప్పిండు. బతికున్నదానివి, నువ్వు ఆగకపోతివి."

నా సర్వీసులో మెమోలు తీసుకున్నాను, మీటింగుల్లో తర్వాత్తర్వాత నేనూ మాటలు పడ్డాను. అవన్నీ దులుపుకుంటే పోయాయి. ఈ మాట పోలేదు. దానికి తోడు జైల్లో ఉన్నవాడు ఏడాదిగా అన్న తనను కాదన్నాడనే నమ్మి ఉన్నాడు. కాదన్నందుకు అన్న తరఫునే మాట్లాడాడు కూడా.

ఆ రోజు బస్సు ఎక్కలేదు. ములకలపల్లిలో తెలిసిన టీచరమ్మ ఇంట్లో ఉండిపోయాను. ఆయన తమ్ముణ్ని మళ్లీ అడగాలి కదా, పోయినేడు చెప్పిన మాట ఈ ఏటికి పనికిరాదట. పొద్దున ఆయన నడిచి వచ్చి, బస్సులు ఆగేచోట నన్ను చూసి, "కలిసినయి" అని ఒక్క మాట చెప్పి, చాయ్ తాగమన్నా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాతే ప్యాడ్ తీశాను.

పెరోల్ వచ్చింది. వాడు ఊరు చేరిన మూడో రోజు, ఎలా ఉన్నాడో చూసి రావడానికి పోయాను. అది డ్యూటీయే, కానీ డ్యూటీ కాకపోయినా పోయేదాన్ని. ఇంటి ముందు చాప మీద తల్లి, ఆమె ఎడమ పక్కన వాడు. కొంచెం ఎడంగా, వాడివైపు చూడకుండా, అన్న కూర్చుని ఉన్నాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారో లేదో నేను అడగలేదు. ఆయన వచ్చి కూర్చున్నాడు, అది చాలనుకున్నాను.

నా గొంతు గుర్తుపట్టి ఆమె రమ్మంది. ఎదురుగా కూర్చున్నాను.

"చేతుల్తోటి తడిమి సూసిన వీని మొహం. తెలుస్తలేదు. ఎవల్నడిగినా మంచిగున్నడు అంటున్నరు. నువ్వు కాగితంల రాస్తవు గద, ఎట్లున్నడో ఉన్నదున్నట్టు చెప్పు."

ఎన్ని వందల మొహాలు రాశానో నాకే లెక్క లేదు. అయినా రిపోర్టులో ఆనవాళ్ల దగ్గర రాసేదే చెప్పాను. ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉన్నదన్నాను.

"అది నాకెరికే. చిన్నప్పుడు రాయి మీద పడ్డడు. నాకు తెల్వంది చెప్పు."

చెప్పాను. జుట్టు సగం తెల్లబడ్డది, ముందుపళ్లు రెండు లేవు, బుగ్గలు లోపలికి పోయినయి, నుదుటి మీద గీతలు పడ్డయి. ఒక్కొక్కటి చెప్తుంటే ఆమె తల ఊపుతూ వింది. ఇవన్నీ ఆమె తన కళ్లతో చూసుకోవలసినవి. నేను ఆ రాత రాయకపోయి ఉంటే చూసుకునేదని ఆమెకు తెలియదు. అన్న ఆమెకు చెప్పలేదు. నాకు చెప్పే ధైర్యం రాలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

"నవ్వుతున్నడా?" అని అడిగింది.

వాడివైపు చూశాను. శబ్దం రాకుండా ఏడుస్తున్నాడు. చెప్పొద్దన్నట్టు నాకు చెయ్యి ఊపాడు.

"కొంచెం ఆగమ్మా, చెప్త" అన్నాను.

ఆగాను. వాడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మళ్లీ కన్నీళ్లు కారాయి, మళ్లీ తుడుచుకున్నాడు. చాలాసేపు పట్టింది. అన్న తల పక్కకు తిప్పుకున్నాడు. చివరికి వాడు పళ్లు లేని నోటితో ఎట్లాగో నవ్వాడు.

"నవ్వుతున్నడమ్మా" అన్నాను.

ఆమె మొదటి రోజు నా మొహం కోసం వెతికినట్టే తల అటూ ఇటూ తిప్పి వెతికింది. వెతికి వెతికి కుడివైపు ఆగింది. అటువైపు గోడ ఉంది.